రికార్డు మనది, తాళం వాళ్ళది

నాందేడ్ జిల్లా ఉమ్రిలో రికార్డు చేసిన టీవీ కార్యక్రమం నిజామాబాదులో ఎందుకు ఆడదు? రెండు ఊళ్ళ మధ్య పెద్ద దూరమేమీ లేదు. సికింద్రాబాద్–మన్మాడ్ రైలు మార్గంలో ఉమ్రి, ధర్మాబాద్, బాసర, గోదావరి వంతెన, నిజామాబాద్ వరసగా వస్తాయి. 1956 దాకా ఇదంతా ఒకే హైదరాబాద్ రాష్ట్రం. రాష్ట్రాలు విడిపోయినా చుట్టరికాలు విడిపోలేదు. ఉమ్రి వైపు తెలుగు ఇళ్ళలో మరాఠీ చానెళ్ళతో పాటు తెలుగు చానెళ్ళూ వేయించుకుంటారు.

అలాంటి ఇంట్లో ఒక పెద్దావిడ ఉందనుకుందాం. సెట్ టాప్ బాక్సుకు పెన్ డ్రైవ్ పెట్టి తనకిష్టమైన పాటల కార్యక్రమం రికార్డు చేసుకుంది. పండక్కి నిజామాబాదులో కూతురింటికి వెళ్తూ, అక్కడ చూసుకోవచ్చని దాన్ని వెంట తీసుకెళ్ళింది. కూతురింట్లోనూ అదే కంపెనీ బాక్సు, అదే మోడల్, అదే ప్యాక్. అయినా కార్యక్రమం ఆడదు. మనవడు తీసి కంప్యూటర్‌కి పెడితే, చాలా సందర్భాల్లో ‘ముందు ఫార్మాట్ చేయండి’ అంటుంది. పెన్ డ్రైవ్ పాడైందని పక్కన పడేస్తారు. నిజానికి అది నిక్షేపంగా ఉంది. రికార్డింగూ అందులోనే ఉంది.

ఆ రికార్డింగు చేసుకోవద్దని మన చట్టం అనదు. అడ్డుపడేది బాక్సులోని చిప్పు. చట్టం ఇచ్చినదాన్ని చిప్పు ఎలా వెనక్కి తీసుకుంటోందో తెలియాలంటే క్యాసెట్ల కాలం నుంచి మొదలుపెట్టాలి.

కనబడని గీతల్లో కిటుకు

సోనీ కంపెనీ బీటామ్యాక్స్ వీసీఆర్‌ను 1975లో, జేవీసీ వీహెచ్‌ఎస్‌ను 1976లో తెచ్చాయి. టీవీలో వచ్చే కార్యక్రమాన్ని ఇంట్లో పట్టి ఉంచుకోవడం మామూలు జనానికి అప్పుడే సాధ్యమైంది. వెంటనే హాలీవుడ్ కంపెనీలు కోర్టుకెక్కాయి. ఎనిమిదేళ్ళు నడిచిన ఆ దావాలో 1984 జనవరి 17న అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో సోనీ పక్షాన తీర్పు చెప్పింది. ప్రసారమయ్యే వేళకు చూడలేనివాళ్ళు రికార్డు చేసుకుని తీరిక వేళ చూసుకోవడం న్యాయమైన వాడకమేనంది.

కోర్టులో పని జరగకపోయేసరికి నిర్మాతలు ఇంజనీర్లను ఆశ్రయించారు. అలా వచ్చిందే మ్యాక్రోవిజన్. 1985లో ‘ది కాటన్ క్లబ్’ సినిమా క్యాసెట్‌తో ఇది బజారులోకి వచ్చింది.

దాని కిటుకు ఇది. మన దేశం వాడిన పాల్ పద్ధతిలో ఒక పూర్తి బొమ్మకు 625 గీతలు. వాటిలో బొమ్మను మోసేవి సుమారు 576. పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ పుంజం తెర అడుగుకు చేరి మళ్ళీ పైకి వెళ్ళడానికి కొంత సమయం కావాలి. మిగతా గీతలు ఆ సమయంలో గడిచిపోతాయి, తెర మీద కనబడవు. మ్యాక్రోవిజన్ సరిగ్గా ఈ ఖాళీ గీతల్లో దొంగ సింక్ పల్సులను, వాటి వెంట మితిమీరిన వెలుగు పల్సులను చొప్పించింది.

టీవీకి వాటితో పేచీ లేదు. వీసీఆర్‌లో మాత్రం వచ్చే సిగ్నల్ బలాన్ని కొలిచి, ఎక్కువైతే తగ్గించి, తక్కువైతే పెంచే సర్క్యూట్ ఉంటుంది. అది ఆ పల్సులను కొలిచి సిగ్నల్ మరీ బలంగా వస్తోందనుకుంటుంది, మొత్తం బొమ్మ బలాన్ని తగ్గించేస్తుంది. పల్సుల ఎత్తు మారుతూ ఉంటుంది కాబట్టి కాపీలో బొమ్మ ఒకసారి చీకటవుతుంది, కాసేపటికి వెలుగుతుంది, మధ్యమధ్య ఊగుతుంది. అసలు క్యాసెట్ బాగానే ఆడుతుంది, దాని కాపీ చూడబోతే కళ్ళు నొప్పి పుడతాయి. సెట్ టాప్ బాక్సులు వచ్చాక అవి కూడా తమ అనలాగ్ అవుట్‌పుట్‌లో ఈ పల్సులను కలపగలిగాయి. బాక్సు నుంచి తీగ లాగి రికార్డరుకు పెట్టినా బొమ్మ కుదురుగా రాకపోవడానికి కారణం ఇదే.

రెండు బిట్ల ఆజ్ఞ

మ్యాక్రోవిజన్ బొమ్మను చెడగొట్టింది. దాని తర్వాత వచ్చిన సీజీఎంఎస్ ఆ జోలికి పోలేదు. అదే ఖాళీ గీతల్లో రెండంటే రెండు బిట్ల సమాచారం పంపింది. రెండు బిట్లతో నాలుగు మాటలు చెప్పవచ్చు: ఎన్ని కాపీలైనా చేసుకో, ఒక్కసారే చేసుకో, ఇప్పటికే ఒక కాపీ అయిపోయింది ఇంక వద్దు, అసలు చేయనే వద్దు. డీవీడీ రికార్డరు ఆ బిట్లను చదివి దాని ప్రకారం నడుచుకోవాలి. ‘వద్దు’ అన్న గుర్తు కనబడగానే రికార్డింగ్ ఆపేసి, ఈ కార్యక్రమం కాపీకి అనుమతి లేదని తెర మీద చెబుతుంది.

ఇందులో తాళమూ లేదు, గొళ్ళెమూ లేదు. తీసి ఉన్న తలుపు మీద ‘అనుమతి లేనిదే లోనికి రారాదు’ అని బోర్డు పెట్టినట్టే. బోర్డును పట్టించుకోని యంత్రానికి అడ్డేమీ లేదు. కాబట్టి బోర్డును ప్రతి యంత్రమూ చదివి తీరాలని చట్టమో, లైసెన్సు ఒప్పందమో చెప్పాలి. అమెరికా ఆ ప్రయత్నమే చేసింది. డిజిటల్ ప్రసారంలో ‘బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్’ అనే గుర్తును టీవీ పరికరాలన్నీ పాటించాలని అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2003 నవంబరులో ఆదేశించింది. 2005 జులై 1 నుంచి అమలు కావాలి. గ్రంథాలయాల సంఘం కోర్టుకెళ్ళింది. ప్రసారం ఇంటికి చేరాక పరికరం దాన్ని ఏం చేయాలో శాసించే అధికారం ఎఫ్‌సీసీకి లేదని 2005 మే నెలలో వాషింగ్టన్ అప్పీళ్ళ కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది.

డిస్కు లోపలి అంచున

‘ఒక్కసారే చేసుకో’ అన్న మాట నిలబడాలంటే, ఆ ఒక్క కాపీ నుంచి రెండో కాపీ పుట్టకూడదు. అందుకు ఐబీఎం, ఇంటెల్, మత్సుషిత, తోషిబా కలిసి సీపీఆర్‌ఎం అనే పద్ధతి తయారు చేశాయి. డిస్కులో రికార్డు చేసుకునే కార్యక్రమాలకు వేసిన తెలివైన తాళాల్లో ఇదొకటి.

సీపీఆర్‌ఎం ఉన్న డీవీడీని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తే లోపలి అంచు దగ్గర, కేంద్రం నుంచి 22.3 మిల్లీమీటర్ల దగ్గర మొదలై 23.5 దగ్గర ముగిసే సన్నని పట్టీలో బార్‌కోడ్ లాంటి గీతలు కనిపిస్తాయి. ఫ్యాక్టరీలో శక్తిమంతమైన లేజర్‌తో కాల్చిన గుర్తులవి. ఒక్కో డిస్కుకు ఒక్కో నంబరు. ఇంట్లోని రికార్డరు ఆ నంబరును చదవగలదే గానీ రాయలేదు.

రికార్డరు తన లోపల దాచిన తాళంచెవులతో డిస్కు మీదున్న మీడియా కీ బ్లాక్ అనే పట్టికను విప్పి ఒక తాళంచెవిని రాబడుతుంది. దానికి ఆ డిస్కు నంబరును కలిపి, ఆ డిస్కుకు మాత్రమే పనికొచ్చే తాళంచెవిని తయారు చేస్తుంది. కార్యక్రమానికి దానితోనే తాళం వేస్తుంది. ఇప్పుడు ఆ డిస్కులోని బిట్లన్నింటినీ పొల్లుపోకుండా ఇంకో డిస్కులోకి ఎత్తినా లాభం లేదు. రెండో డిస్కు నంబరు వేరు కాబట్టి తాళంచెవి వేరవుతుంది, తాళం తెరుచుకోదు. ఏదైనా కంపెనీ యంత్రాల తాళంచెవులు బయటపడితే, ఆ తర్వాత తయారయ్యే డిస్కుల పట్టికలోంచి వాటిని తప్పించే ఏర్పాటు కూడా ఉంది.

సినిమా డీవీడీలకు వాడిన సీఎస్‌ఎస్ ఇంత గట్టిది కాదు. దాని తాళంచెవి 40 బిట్లే. 1999లో నార్వేకు చెందిన జాన్ లెక్ యోహాన్సన్, అప్పటికి పదిహేనేళ్ళవాడు, మరికొందరితో కలిసి దాన్ని తెరిచే ప్రోగ్రాం విడుదల చేశాడు. తాను కొన్న డీవీడీని తాను చూసుకోవడం నేరం కాదని అక్కడి కోర్టులు 2003లో అతన్ని నిర్దోషిగా వదిలేశాయి.

పది సెకన్లకో తాళంచెవి

మన దేశంలో డీవీడీ రికార్డర్ల కాలం ఎక్కువ రోజులు సాగలేదు. అప్పట్లో కేబుల్ తీగలో చానెళ్ళు తాళం లేకుండానే ఇంటికి వచ్చేవి. తీగ తెచ్చి టీవీకి పెట్టినా, రికార్డరుకు పెట్టినా ఒకటే. 2011లో కేబుల్ టీవీ చట్టాన్ని సవరించి, డిజిటల్ రూపంలో, ఎన్‌క్రిప్షన్‌తోనే ప్రసారం చేయాలన్నారు. 2012లో మహానగరాలతో మొదలై 2017 మార్చి 31 గడువుతో నాలుగు దశల్లో ఇది సాగింది. ఉమ్రి లాంటి చిన్న పట్టణాలు, చుట్టుపక్కల పల్లెలు చివరి రెండు దశల్లోకి వచ్చాయి. డబ్బు కట్టే డిష్ పెట్టుకున్న ఇళ్ళలో తాళం మొదటి నుంచీ ఉంది.

ఈ తాళం పనిచేసే తీరు చూడదగ్గది. చానెల్ తాలూకు బిట్లను ప్రసార కేంద్రంలోనే ఒక తాళంచెవితో కలగాపులగం చేస్తారు. ఆ తాళంచెవి ఇంచుమించు పది సెకన్లకొకసారి మారిపోతుంది. ఒకటి వాడుకలో ఉండగానే తర్వాతిది బాక్సుకు చేరుతుంది, అందుకే బొమ్మ ఎక్కడా ఆగదు. అయితే ఆ తాళంచెవి కూడా మరో తాళం వేసుకునే వస్తుంది. దాన్ని తెరిచేది వ్యూయింగ్ కార్డు, లేదా బాక్సులోనే ఉన్న భద్రతా చిప్పు. మీరు ఏ ప్యాక్‌కు డబ్బు కట్టారో ఆ అనుమతులు వేరే సందేశాలుగా వచ్చి కార్డులో చేరతాయి. రీచార్జి అయిపోగానే బొమ్మ ఆగడం, డబ్బు కట్టిన కొద్ది నిమిషాలకే మళ్ళీ రావడం వీటి మహిమే.

ఇక రికార్డింగ్. 2008లో టాటా స్కై ప్లస్ లాంటి హార్డ్ డిస్కు బాక్సులు వచ్చాయి, తర్వాత పెన్ డ్రైవ్ పెట్టే బాక్సులు వచ్చాయి. బాక్సు మొదట ప్రసారం తాళం తెరుస్తుంది. డిస్కులోకి రాసే ముందు తన సొంత తాళం వేస్తుంది. ఆ తాళంచెవి ఆ బాక్సు చిప్పులోనే ఉంటుంది, బయటికి రాదు. పక్కింటి బాక్సుకు కూడా తెలియదు. ఉమ్రి పెద్దావిడ పెన్ డ్రైవ్‌లో ఉన్నది ఇలా తాళం వేసిన బిట్ల రాశి. దాన్ని తెరవగలిగింది ప్రపంచం మొత్తంలో ఒక్కటే, ఉమ్రిలో ఆమె ఇంట్లో ఉన్న బాక్సు. రేపు పిడుగు పడి ఆ బాక్సు కాలిపోతే, పెన్ డ్రైవ్ చెక్కుచెదరకపోయినా అందులోని కార్యక్రమాలన్నీ దానితోనే పోయినట్టు లెక్క.

ఇది కంపెనీల సొంత ముచ్చట మాత్రమే కాదు. రికార్డింగ్ సౌకర్యం ఉన్న బాక్సుల్లో కాపీ రక్షణ ఉండాలని ప్రసార రంగ నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 ఇంటర్‌కనెక్షన్ నిబంధనల్లోనే ఉంది. క్రికెట్ మ్యాచ్ చూస్తుంటే తెర మీద ఎక్కడో ఒక అంకెల వరస మెరిసి మాయమవుతుంది కదా, అది కూడా ఆ నిబంధనల్లోదే. దాన్ని ఫింగర్‌ప్రింటింగ్ అంటారు. ఆ అంకెలు మీ బాక్సు లేదా కార్డు గుర్తింపు. ఎవరైనా తెర ముందు కెమెరా పెట్టి మ్యాచ్‌ను నెట్‌లోకి ఎక్కిస్తే, ఏ బాక్సు నుంచి వెళ్ళిందో ఆ అంకెలు పట్టిస్తాయి. ఎంత తాళం వేసినా చివరికి బొమ్మ కంటికి కనబడక తప్పదు, కంటికి కనబడేది కెమెరాకూ కనబడుతుంది. ఆ దారిని మూయలేరు కాబట్టే దొంగను గుర్తుపట్టే ఏర్పాటు చేసుకున్నారు.

బాక్సుకూ టీవీకీ మధ్య హెచ్‌డీఎంఐ తీగలోనూ హెచ్‌డీసీపీ అనే తాళం ఉంది. తీగకు అవతల ఉన్నది లైసెన్సున్న టీవీయేనని తేలాకే బొమ్మ వదులుతుంది. పాత ప్రొజెక్టరుకో, రికార్డు చేసే పరికరానికో పెడితే తెర నల్లగా ఉండిపోతుంది. 2010 సెప్టెంబరులో దాని మాస్టర్ కీ బయటపడింది, అది అసలైనదేనని ఇంటెల్ ఒప్పుకుంది. అయినా మన ఇళ్ళలో నల్ల తెర నల్లగానే ఉంది. నిపుణులకు తాళం తెరుచుకుంది, సామాన్యుడికి మాత్రం కాదు.

చట్టం ఏమంటోంది

1957 నాటి మన కాపీరైట్ చట్టంలో 37వ సెక్షన్ ప్రసార సంస్థలకు వాటి ప్రసారాల మీద 25 ఏళ్ళ హక్కు ఇచ్చింది. వెనువెంటనే 39వ సెక్షన్ ఆ హక్కుకు హద్దులు గీసింది. ప్రసారాన్ని రికార్డు చేసుకునే వ్యక్తి తన సొంత వాడకానికి చేసుకునే శబ్ద, దృశ్య రికార్డింగులు ఆ హక్కును ఉల్లంఘించినట్టు కాదని అందులో స్పష్టంగా ఉంది. నిజాయితీగా బోధనకో, పరిశోధనకో చేసుకున్నా అంతే. ప్రసారంలో వచ్చే సినిమాకు, పాటకు విడిగా కాపీరైట్ ఉంటుంది. వాటి విషయంలో 52వ సెక్షన్ ఉంది. వ్యక్తిగత అవసరానికి న్యాయంగా వాడుకోవచ్చన్న మినహాయింపును 2012 సవరణ కంప్యూటర్ ప్రోగ్రాములు తప్ప అన్ని రచనలకూ విస్తరించింది, సినిమాలతో సహా.

అదే సవరణ 65ఏ సెక్షన్‌ను కూడా తెచ్చింది. కాపీరైట్ హక్కుల రక్షణకు పెట్టిన సాంకేతిక తాళాన్ని పగలగొడితే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. కానీ అందులో ఒక మాట కీలకం: ఆ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో పగలగొడితేనే నేరం. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ చట్టం తాళం తెరవడాన్నే, ఉద్దేశంతో పెద్దగా నిమిత్తం లేకుండా నిషేధించింది. మన పార్లమెంటు ఆ దారిన పోలేదు. చట్టం వద్దనని పనికోసం తాళం తెరిస్తే ఆ శిక్ష వర్తించదని మినహాయింపు కూడా రాసింది.

ఇదంతా చదివి ఎవరికి పడితే వాళ్ళకు కాపీలు పంచవచ్చనుకుంటే పొరపాటు. మినహాయింపు రికార్డు చేసుకున్నవాళ్ళ సొంత వాడకానికే. డిస్కులు చేసి అమ్మడం, ఊళ్ళో లోకల్ చానెల్‌లో వేయడం, నెట్‌లోకి ఎక్కించడం నేరమే. పెద్దావిడ తన రికార్డింగును కూతురింట్లో కూర్చుని చూసుకోవడం అలాంటిది కాదు. చట్టానికి ఈ తేడా తెలుసు. చిప్పుకు తెలియదు. అది అందరినీ ఒకే గాట కడుతుంది.

ఇంత కట్టడి చేసినా పైరసీ ఆగిందా అంటే, తెలుగు సినిమా అనుభవమే జవాబు చెబుతుంది. 2013లో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే సుమారు గంటన్నర సినిమా బయటికి పొక్కింది. కృష్ణా జిల్లా పెడనలో డీవీడీలు అమ్ముడయ్యాయి. అప్పటికి ఆ సినిమా ఏ టీవీలోనూ రాలేదు, ఏ సెట్ టాప్ బాక్సులోనూ లేదు. సినిమా హాళ్ళలో కెమెరా పెట్టి తీసేవాళ్ళ కోసం 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు పెట్టాల్సి వచ్చింది. దొంగ కాపీ పుట్టే చోట్లు ఇవి. ఇంట్లో సీరియల్ రికార్డు చేసుకునే మనిషి దగ్గర కాదు.

జపాన్ తెచ్చిన సర్దుబాటు

జపాన్ 2004 ఏప్రిల్‌లో డిజిటల్ ప్రసారాలకు ‘ఒక్కసారే కాపీ’ నిబంధన పెట్టింది. రికార్డరు హార్డ్ డిస్కులో ఒకసారి రాస్తే ఆ ఒక్క కాపీ అయిపోయినట్టే. అక్కడి నుంచి డీవీడీకి మార్చుకోవచ్చు గానీ, మారుతున్న కొద్దీ హార్డ్ డిస్కులోది చెరిగిపోతుంది. మధ్యలో డిస్కు రాయడం విఫలమైతే అదీ ఉండదు, ఇదీ ఉండదు. జనం గోల పెట్టారు. 2008 జులై 4 నుంచి ‘డబ్బింగ్ 10’ అనే కొత్త నిబంధన వచ్చింది. తొమ్మిది కాపీలు చేసుకోవచ్చు, పదోసారి మాత్రం అసలు రికార్డింగే డిస్కుకు మారిపోతుంది. దొంగ వ్యాపారానికి పదంటే చాలా తక్కువ, ఇంటికి మాత్రం పుష్కలం.

జర్మనీ 1965లోనే ఇంకో దారి తొక్కింది. ఇంట్లో కాపీ చేసుకోవడాన్ని ఒప్పుకుని, రికార్డింగ్ పరికరాల ధరలో కొంత సుంకం చేర్చి ఆ సొమ్మును రచయితలకు, కళాకారులకు పంచే ఏర్పాటు చేసింది. మన దేశంలో అలాంటి సుంకం లేదు.

ఇళ్ళలో మిగిలిన చరిత్ర

సొంతానికి చేసుకున్న రికార్డింగుకు సొంతాన్ని మించిన విలువ రావచ్చు. టేపుల ఖరీదు, స్థలం కొరత వల్ల బీబీసీ 1960, 70 దశకాల్లో తన పాత కార్యక్రమాలెన్నింటినో చెరిపేసింది. వాటిలో ‘డాక్టర్ హూ’ భాగాలు చాలా ఉన్నాయి. బొమ్మలు పోయినా పోయిన భాగాలన్నింటి శబ్దం ఈనాటికీ వినగలుగుతున్నారంటే, అప్పట్లో ప్రేక్షకులు ఇళ్ళలో టేప్ రికార్డర్లతో పట్టుకోవడమే కారణం. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మారియన్ స్టోక్స్ అనే మాజీ గ్రంథాలయ ఉద్యోగిని 1970ల నుంచి 2012లో చనిపోయేదాకా టీవీ వార్తలను రాత్రింబవళ్ళు రికార్డు చేసింది. ఆమె వదిలి వెళ్ళిన సుమారు 70 వేల టేపులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. ఆమె కాలంలో ఈనాటి బాక్సులే ఉండి ఉంటే ఆ టేపుల్లో ఒక్కటీ ఇంకొకరికి పనికొచ్చేది కాదు.

మన తెలుగు చానెళ్ళలో రోజూ వచ్చే వార్తలు, చర్చలు, హరికథలు, పొలం కబుర్లు అన్నింటినీ చానెళ్ళే భద్రపరుస్తాయన్న హామీ ఏదీ లేదు. ఉమ్రి లాంటి సరిహద్దు ఊళ్ళలో తెలుగు వినబడే చోట్లలో టీవీ ఒకటి కాబట్టి అక్కడివాళ్ళకు ఇది మరీ ముఖ్యం.

చేయదగినవి

ప్రస్తుతానికి తెరిచి ఉన్న దారి ఒకటుంది. దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది. నెల నెలా రుసుం లేదు. అందులో తాళం వేయని చానెళ్ళు ఉన్నాయి. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి, మరాఠీ డీడీ సహ్యాద్రి ఉమ్రిలో ఒకే డిష్‌కు అందుతాయి. తాళం లేని చానెల్‌ను యూఎస్‌బీ రికార్డింగ్ ఉన్న మామూలు ఫ్రీ డిష్ బాక్సులో రికార్డు చేస్తే సాధారణంగా టీఎస్ ఫైలు వస్తుంది. అది కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది, డిస్కుకూ ఎక్కుతుంది.

డబ్బు కట్టే బాక్సుల విషయంలో ట్రాయ్ చేయాల్సిన పని ఉంది. కాపీ రక్షణ ఉండాలని రాసిన నిబంధనలోనే, వినియోగదారు తన రికార్డింగును తన పేరున ఉన్న మరో బాక్సుకు మార్చుకునే వీలుండాలని, బాక్సు చెడిపోయి కొత్తది ఇచ్చినప్పుడు పాత రికార్డింగులు అందులో ఆడాలని ఇంకో వాక్యం చేర్చాలి. సాంకేతికంగా ఇది అసాధ్యం కాదు. తాళంచెవిని బాక్సుకు కాక చందాదారు ఖాతాకు ముడిపెడితే చాలు. 39వ సెక్షన్ ఇచ్చిన హక్కు కాగితం మీద నుంచి ఇంట్లోకి రావాలంటే ఈ మార్పు జరగాలి.

అంతదాకా పాఠకులు రెండు జాగ్రత్తలు పాటించాలి. రికార్డింగ్ ఉన్న బాక్సు కొనేటప్పుడు ఎన్ని గంటలు పడుతుందని కాదు, రికార్డు చేసింది వేరేచోట ఆడుతుందా అని అడగండి. ఇప్పటికే ఉన్న బాక్సును మార్చే ముందు, అందులో ఉన్నవన్నీ ఒకసారి చూసేయండి. పాత బాక్సు ఇల్లు దాటాక వాటిని తెరిచే దారి లేదు.